టేప్ బ్యాకప్ స్వయంగా నేర్చుకుందాం – 4వ భాగం: లాగ్ చదవడం, రిస్టోర్ చేసి చూడడం, సపోర్ట్‌తో మాట్లాడడం

కిందటి భాగంలో ప్రతి టేప్‌కీ లేబుల్ అంటించి, ఒక నోట్‌బుక్‌లో తేదీలు రాసుకోమన్నాను. ఈ రోజు ఆ నోట్‌బుక్‌తో పని ఉంది, దగ్గర పెట్టుకోండి. మీ దగ్గర ఎల్‌టీఓ-6 డ్రైవ్ (ఎల్‌టీఓ అనే రకం టేపుల మీద రాసే, చదివే యంత్రాల్లో ఆరో తరం) ఉందనుకుని లెక్కలు చెబుతాను. వేరే తరం డ్రైవ్ అయితే అంకెలు మార్చుకోండి, పద్ధతి అదే.

నిన్న రాత్రి జరిగిన ఫుల్ బ్యాకప్ లాగ్ తెరవండి. పైన ఆకుపచ్చ టిక్కు, పక్కన ‘సక్సెస్’ అని కనిపిస్తుంది. అక్కడ ఆగకుండా కిందికి రండి. ఎన్ని ఫైళ్లు వెళ్లాయి, ఎన్ని జీబీ వెళ్లింది, ఎంతసేపు పట్టింది అనే మూడు అంకెలు వెతికి నోట్‌బుక్‌లో రాయండి. వాటి పక్కనే సర్వర్‌లో అసలు ఎంత డేటా ఉందో కూడా రాయండి.

ఇలా ఎందుకు రాయమంటున్నానో నా అనుభవం చెబితే తెలుస్తుంది. ఒక ఆఫీసులో సర్వర్ నేను చూసేవాణ్ణి. డేటా 300 జీబీ. రోజూ పొద్దున మెయిల్ వచ్చేది: ‘బ్యాకప్ సక్సెస్, సమయం 4 నిమిషాలు’. ఎల్‌టీఓ-6 డ్రైవ్ కంప్రెషన్ (డేటాను కుదించడం) లేకుండా సెకనుకు 160 ఎంబీ రాస్తుంది. ఆ లెక్కన 300 జీబీకి సుమారు 31 నిమిషాలు కావాలి. తయారీదారులు చెప్పే రెండున్నర రెట్ల కంప్రెషన్ పూర్తిగా దొరికినా 12 నిమిషాలు దాటుతుంది. 4 నిమిషాల్లో అయ్యే పనే కాదు. ఈ లెక్క నేను మూడు నెలలు వేయలేదు. ఒక రోజు పాత ఫైలు ఒకటి కావాలని అకౌంట్స్ సెక్షన్ అడిగినప్పుడు లాగ్ మొత్తం చదివాను. చివర్లో ‘ఫైల్ వాడుకలో ఉంది, వదిలేశాం’ అనే వరుసలు వందల్లో ఉన్నాయి. రాత్రి అకౌంట్స్ ప్రోగ్రామ్‌ను ఎవరూ మూయడం లేదు. దాని డేటా ఫైళ్లన్నీ తెరిచే ఉన్నాయి. సాఫ్ట్‌వేర్ వాటిని దాటేసి, మిగతావి రాసి, సక్సెస్ అంది. ఆఫీసుకు ప్రాణమైన ఫైళ్లే టేప్ మీద లేవు.

దీనికి విరుగుడు మీ సెట్టింగ్స్‌లోనే ఉంటుంది. విండోస్ అయితే షాడో కాపీ ఆప్షన్ ఆన్ చేయండి, తెరిచి ఉన్న ఫైళ్లను కూడా అది కాపీ తీయనిస్తుంది. డేటాబేస్ అయితే ముందు దాని సొంత ఎగుమతి ఫైలు తయారు చేయించి, ఆ ఫైలును టేప్‌కి పంపండి. ఏ ఫైలైనా వదిలేస్తే ‘సక్సెస్’ కాకుండా ‘వార్నింగ్’ చూపించమనే ఆప్షన్ ఉందేమో వెతికి, ఉంటే అది కూడా పెట్టండి.

ఫెయిలైందని మెయిల్ రాలేదు కాబట్టి అంతా బాగానే ఉందనుకోవడం ఇంకో ప్రమాదం. 2017 జనవరి 31న, ప్రోగ్రామర్లు తమ కోడ్ దాచుకునే వెబ్‌సైట్ నడిపే గిట్‌ల్యాబ్ సంస్థలో పొరపాటున అసలు డేటాబేస్ చెరిగిపోయింది. రోజువారీ బ్యాకప్ కోసం చూస్తే ఖాళీ. బ్యాకప్ ప్రోగ్రామ్ వెర్షన్, డేటాబేస్ వెర్షన్ పొసగక ఆ పని ఫెయిల్ అవుతూ వచ్చింది. ఫెయిలైందని చెప్పే మెయిళ్లను మెయిల్ సర్వర్ తిప్పికొట్టేది. ఆరు గంటల ముందు తీసిన ఒక స్నాప్‌షాట్ (ఆ క్షణంలో డేటా ఎలా ఉందో అలాగే పట్టి ఉంచిన కాపీ) ఉండబట్టి అప్పటిదాకా ఉన్న డేటా దక్కింది. ఇది టేప్ కథ కాకపోయినా మనకు పూర్తిగా వర్తిస్తుంది. అందుకే మెయిల్ కోసం ఎదురుచూడకుండా రోజూ మీరే వెళ్లి లాగ్ తెరవండి.

ఇక రిస్టోర్, అంటే టేప్ మీది ఫైళ్లను తిరిగి తెచ్చుకోవడం. సాఫ్ట్‌వేర్‌లో ‘వెరిఫై’ అనే బటన్ ఉంటుంది, దాన్ని ఆన్ చేసే ఉంచండి. అయితే చాలా సాఫ్ట్‌వేర్లలో అది టేప్ మీద రాసింది చదవడానికి వస్తోందా అన్నది మాత్రమే చూస్తుంది. రాయకుండా వదిలేసిన ఫైలు గురించి దానికేం తెలుస్తుంది? కాబట్టి నెలకోసారి నిజంగానే రిస్టోర్ చేయాలి. నోట్‌బుక్‌లోంచి ఏదో ఒక పాత తేదీ ఎంచుకోండి. ఆ టేప్ బయటికి తీసి, రైట్ ప్రొటెక్ట్ మీటను (టేప్ మీద కొత్తగా ఏమీ రాయనివ్వకుండా ఆపేది) లాక్ వైపు జరపండి. తర్వాతే డ్రైవ్‌లో పెట్టండి. ఒక పెద్ద ఫైలు, ఒక చిన్న ఫైలు, లోతైన ఫోల్డర్‌లో తెలుగు పేరున్న ఫైలు ఒకటి, ఈ మూడింటినీ వేరే ఫోల్డర్‌లోకి దించి తెరవండి. తెలుగు పేర్లు రిస్టోర్‌లో ప్రశ్నార్థకాలుగా మారిపోవడం నేను చూశాను, అందుకే ప్రత్యేకంగా చెబుతున్నాను.

వీలైతే ఈ పని వేరే కంప్యూటర్‌లో చేయండి. ఏ ఫైలు ఏ టేప్‌లో ఎక్కడుందో చెప్పే క్యాటలాగ్ మామూలుగా బ్యాకప్ సర్వర్ డిస్క్‌లో ఉంటుంది. ఆ సర్వరే పోతే కొత్త దాంట్లో టేప్‌ను చదివించి క్యాటలాగ్ మళ్లీ కట్టుకోవాలి, దానికి గంటలు పట్టొచ్చు. అందుకని క్యాటలాగ్ కాపీ, సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాలర్, లైసెన్స్ కీ వేరే చోట దాచండి. ఎన్‌క్రిప్షన్ వాడుతుంటే దాని కీ కూడా కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి. ఆ కీ పోతే ఏ సపోర్ట్ వాళ్లూ మీ డేటా తెచ్చివ్వలేరు.

ఇప్పుడు అందరికీ టెన్షన్ పెట్టే భాగానికి వద్దాం. ఎర్రర్ వచ్చింది, సపోర్ట్‌కి ఫోన్ చేశారు. సాఫ్ట్‌వేర్ వాళ్లు డ్రైవ్ పాడైందంటారు. డ్రైవ్ వాళ్లు సాఫ్ట్‌వేర్ లోపమంటారు. మధ్యలో మీ బ్యాకప్ వారం రోజులుగా ఆగిపోయి ఉంటుంది. ఈ తగువు తీరాలంటే సాఫ్ట్‌వేర్ ప్రమేయం లేకుండా డ్రైవ్‌ను పరీక్షించాలి.

ముందుగా బ్యాకప్ సాఫ్ట్‌వేర్ సర్వీసులన్నీ ఆపండి, లేకపోతే డ్రైవ్‌ను అదే పట్టుకుని వదలదు. కొత్త, ఖాళీ టేప్ పెట్టండి. 20 జీబీ ఫైళ్లు తీసుకోండి. పెళ్లి వీడియోలు దీనికి చక్కగా సరిపోతాయి, అవి ముందే కుదించినవి కాబట్టి డ్రైవ్ ఇంకా కుదించలేదు, అసలు వేగం బయటపడుతుంది. వాటి హాష్ (ఫైలులోని డేటాను బట్టి లెక్కించే వేలిముద్ర లాంటి కోడ్) తీసి రాసుకోండి. లినక్స్‌లో టార్ (tar) కమాండ్‌తో టేప్ మీదికి రాసి, ఎంటీ (mt) కమాండ్‌తో టేప్‌ను మొదటికి తిప్పి, మళ్లీ టార్‌తోనే వేరే ఫోల్డర్‌లోకి దించి, దించిన ఫైళ్ల హాష్ కూడా తీసి పోల్చండి. ఇక్కడ చిన్న జాగ్రత్త: టేప్ డ్రైవ్‌కి లినక్స్ పెట్టే డివైస్ పేరు ఎస్‌టీ0 (st0) అని ఇస్తే పని అవగానే టేప్ తనంతట తానే మొదటికి వెళ్తుంది. దాని మీద ఇంకోటి రాస్తే మొదటిది పోతుంది. ఎన్‌ఎస్‌టీ0 (nst0) అని ఇస్తే ఆగిన చోటే ఉంటుంది. విండోస్‌లో డ్రైవ్ తయారీదారు ఇచ్చే డయాగ్నస్టిక్ టూల్‌లో రైట్–రీడ్ టెస్ట్ నడపండి.

హాష్ కలిస్తే డ్రైవ్, కేబుల్ బాగున్నట్టే, సాఫ్ట్‌వేర్ వాళ్లను గట్టిగా అడగొచ్చు. కలవకపోయినా, మధ్యలో ఆగిపోయినా క్లీనింగ్ టేప్ ఒకసారి వేసి మళ్లీ చేయండి. అప్పటికీ కాకపోతే డ్రైవ్ వాళ్లకు ఫోన్ చేయండి.

సపోర్ట్‌కి పంపే ఫిర్యాదులో, అంటే టికెట్‌లో, ‘బ్యాకప్ పనిచేయడం లేదు’ అని రాయకండి. సాఫ్ట్‌వేర్ వెర్షన్, డ్రైవ్ ఫర్మ్‌వేర్ (డ్రైవ్ లోపలే ఉండే ప్రోగ్రామ్) వెర్షన్, ఎర్రర్ వచ్చిన తేదీ, నిమిషంతో సహా సమయం, టేప్ లేబుల్ రాసి, ‘సాఫ్ట్‌వేర్ లేకుండా ఇదే డ్రైవ్ మీద 20 జీబీ రాసి చదివాం, హాష్ కలిసింది’ అని చేర్చండి, లాగ్ జత చేయండి. రీస్టార్ట్ చేయండి, డ్రైవర్ అప్‌డేట్ చేయండి అనే మొదటి రౌండ్ దీంతో చాలావరకు తప్పుతుంది.

ఒక్క మాట మాత్రం ఎవరు చెప్పినా వినకండి. ‘సార్, ఆ టేప్‌ను ఒకసారి ఇనిషియలైజ్ చేయండి’ అంటారు, అంటే కొత్త టేప్‌లా మొదటి నుంచి సిద్ధం చేయమని. నాకూ అలాగే అన్నారు, నేను చేశాను. అది కిందటి ఏడాది మార్చి నెలాఖరు టేప్. టేప్ మొదట్లో కొత్తగా ఏం రాసినా డ్రైవ్ దాని తర్వాత ‘డేటా ఇక్కడితో అయిపోయింది’ అనే గుర్తు పెడుతుంది. ఆ గుర్తు దాటి మామూలు డ్రైవ్ ముందుకు వెళ్లదు. పాత డేటా టేప్ మీదే ఉన్నా మనకు అందదు. పరీక్షలన్నీ ఖాళీ టేప్ మీదే చేస్తానని చెప్పండి. వాళ్లు ఒప్పుకోకపోతే టికెట్‌ను పై లెవల్‌కి పంపమనండి.

ఈ వారం అభ్యాసం: మూడు పాత తేదీల నుంచి మూడేసి ఫైళ్లు రిస్టోర్ చేసి, ఎంతసేపు పట్టిందో నోట్‌బుక్‌లో ఆ తేదీ పక్కనే రాయండి. 5వ భాగంలో టేపుల రొటేషన్, వాటిని ఆఫీసు బయట దాచే పద్ధతి చూద్దాం. దానికి ఇవాళ రాసిన సమయాలే కావాలి.