చలికాలపు దురదకు తేనెమైనం మలాం

చలికాలం వచ్చిందంటే ఆదిలాబాద్‌లో మా అమ్మ పిక్కల మీద చర్మం పొలుసులు లేస్తుంది, గోకితే తెల్లని చారలు పడతాయి. అందుకే చలి ముదరకముందే ఒక డబ్బా మలాం చేసి ఆమె మంచం పక్కన పెడతాను.

తేనె పిండేశాక మిగిలిన పట్టును తేనె తీసేవాళ్ల దగ్గర అడిగి తెచ్చుకోండి. పల్చటి బట్టలో మూటకట్టి, నీళ్లలో వేసి సన్నని సెగ మీద మరిగిస్తూ గరిటెతో నొక్కాలి. మైనం కరిగి పైకి తేలుతుంది. మూట తీసేసి గిన్నెను రాత్రంతా కదపకుండా ఉంచితే పొద్దునకి బిళ్లలా గట్టిపడుతుంది. అడుగున అంటిన మురికిని కత్తితో గీకేయండి, తడి పూర్తిగా ఆరనివ్వండి.

20 గ్రాముల మైనానికి 80 గ్రాముల నువ్వుల నూనె. కొబ్బరి నూనె చలికి పేరుకుపోతుంది కాబట్టి నాకు నువ్వుల నూనే నచ్చుతుంది. రెండూ ఒక గిన్నెలో వేసి, ఆ గిన్నెను వేడినీళ్ల గిన్నెలో పెట్టి కరిగించాలి. నేరుగా మంట మీద మాత్రం పెట్టొద్దు, మైనానికి నిప్పు అంటుకుంటుంది. సుమారు 63 డిగ్రీలకే కరుగుతుంది కనుక పెద్ద సెగ అక్కర్లేదు. చల్లని పళ్లెం మీద ఒక చుక్క వేసి చూడండి. గట్టిగా ఉంటే కాస్త నూనె, జారుతుంటే కాస్త మైనం కలిపి, తడి లేని డబ్బాలో పోసుకోండి. గిన్నెను వేడిగా ఉన్నప్పుడే కాగితంతో తుడవాలి. సింకులో పోస్తే గొట్టం మూసుకుపోతుంది.

ఇక రాయడం. అసలు సంగతి ఇదే. మైనం కొత్తగా తేమ ఇవ్వదు, ఉన్న తేమను పోనివ్వదు. ఎండిపోయిన చర్మానికి రాస్తే జిడ్డు తప్ప ఏమీ మిగలదు. గోరువెచ్చని నీళ్లతో స్నానం చేసి, తువ్వాలుతో అద్దుకుని, ఒంటి మీద ఇంకా చెమ్మ ఉండగానే రాయాలి. అమ్మకు మడమలకు రాసి పైన నూలు సాక్సులు తొడుగుతాను.

తేనె కలపమని కొందరు అంటారు. అది నూనెలో కలవదు, అడుగుకు దిగిపోతుంది. కావాలంటే తేనెను విడిగా పది నిమిషాలు రాసి కడిగేయండి. ఏడాదిలోపు పిల్లల నోట్లోకి తేనె పోకూడదు కాబట్టి వాళ్లకు అదీ వద్దు.

ముందు మోచేతి లోపలివైపు కొంచెం రాసి ఒక రోజు చూడండి. తేనెటీగల పదార్థాలు పడనివాళ్లు ఉంటారు. రాత్రిళ్లు దురద ఎక్కువై, ఇంట్లో మరొకరికీ మొదలైతే అది గజ్జి కావచ్చు. అప్పుడు డాక్టరుకు చూపించాలి. షుగర్ ఉన్నవాళ్లు మడమలు పగిలి రక్తం వస్తుంటే మలాం రాసుకుంటూ రోజులు గడపొద్దు, వెంటనే వెళ్లండి.