మైన్‌క్రాఫ్ట్‌లో (బ్లాకులతో కట్టే వీడియో గేమ్) కోట కట్టబోయే ముందు జాగ్రత్తలు

□ ముందుగా వరల్డ్ (గేమ్‌లో మీరు కడుతున్న ప్రపంచం) కాపీ ఒకటి పక్కన పెట్టుకోండి. నెల రోజుల పని ఒక్క రాత్రిలో పోతే ఆ బాధ అంత తేలిగ్గా పోదు.

□ నమూనాగా నిజమైన కోటను ఎంచుకోండి. నా ఓటు ఇంగ్లండ్‌లోని బోడియమ్‌కే. 1385లో అనుమతి పొందిన కోట అది. చుట్టూ నీళ్ల కందకం, నాలుగు మూలలా గుండ్రటి బురుజులు, మధ్యలో చతురస్రపు ముంగిలి. మొదటిసారి కట్టేవాళ్లకు ఇంత సూటి ప్లాన్ దొరకడం కష్టం.

□ ఒక బ్లాక్ అంటే ఒక మీటరు. నేల మీద ఉన్ని బ్లాకులతో పూర్తి గీత గీసి, దాని చుట్టూ ఒకసారి నడిచి చూడండి. ద్వారం ఉన్న గోడ పొడవు బేసి సంఖ్యలోనే ఉండాలి, అప్పుడే ఒక బ్లాక్ లేదా మూడు బ్లాకుల వెడల్పు ద్వారం సరిగ్గా మధ్యలో కూర్చుంటుంది. ఇది మరిచిపోయి నేను రెండు బురుజులు పడగొట్టాల్సి వచ్చింది.

□ వెలుతురు. 1.18 వెర్షన్ నుంచి జాంబీలు, క్రీపర్లు (దగ్గరికొచ్చి పేలిపోయే శత్రు జీవులు) పూర్తి చీకట్లోనే పుడతాయి. ముంగిలి గుర్తుంటుంది కానీ గోడల పైభాగం, మెట్ల కింది మూలలు మరిచిపోతాం. అక్కడా టార్చ్‌లు పెట్టండి.

□ సాలీళ్లు గోడలెక్కుతాయి. అవి పైకి దాటి రాకుండా గోడ పై అంచు ఒక బ్లాక్ బయటికి రావాలి.

□ చెక్క కప్పు దగ్గర లావా వద్దు. పొయ్యికి క్యాంప్‌ఫైర్ చాలు, దాని నుంచి మంట పాకదు.