యుద్ధంలో మరణించిన మన ఊరి సైనికుని పేరు నిలపడం ఎలా

గోదావరి డెల్టాలో సైన్యం అనగానే తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరం గుర్తుకు వస్తుంది. తరతరాలుగా ఎందరో సైన్యంలో చేరిన ఊరు కనుక అక్కడి జ్ఞాపకాన్ని ఊరే కాపాడుకుంటున్నది. ఒక్కడినే పంపి ఆ ఒక్కడినే పోగొట్టుకున్న ఊళ్లలో మాత్రం, శవం రాక, సమాధి లేక, ఆ మనిషి పేరు రెండు మూడు తరాలలోనే చెరిగిపోతుంది. అటువంటి సైనికునికి స్మారకం కట్టదలచినవారు రాయి చెక్కించడానికి ముందు ఆయన పూర్తి పేరును సంపాదించాలి. పనిలో ముప్పాతిక వంతు అదే.

మొదట కుటుంబంవారిని కలవాలి. భర్త పోయిన భార్య పుట్టింటికి చేరి ఉంటే కాగితాలు కూడా ఆమెతోనే వెళ్లి ఉండవచ్చు కనుక, ఆమె పుట్టింటివారిని కూడా అడగాలి. ఇంటిపేరు, తండ్రి పేరు, ఏ పేటవారు, ఏ ఏడు చేరారు అన్నవి వారు చెప్పినట్టే రాసుకోవాలి. క్రైస్తవ కుటుంబమైతే చర్చిలోని బాప్తిస్మపు పుస్తకం చూడాలి. పాత పెట్టెలో మొదటి ప్రపంచ యుద్ధపు పతకం దొరికితే దాని అంచున సైనికుని నంబరు, హోదా, పేరు, పటాలం ఉంటాయి. అక్షరాలు అరిగిపోతాయి కనుక దానిని చింతపండుతో తోమనివ్వకండి.

ఆ తరువాతి మెట్టు కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ జాబితా. రెండు ప్రపంచ యుద్ధాలలో బ్రిటిషు సామ్రాజ్యం తరఫున పోరాడి మరణించినవారి సమాధులను, స్మారకాలను చూసుకునే ఈ సంస్థ 1917లో ఏర్పడింది. వారి జాబితాను ఇంటర్నెట్లో ఉచితంగా వెతకవచ్చు. అందులో 1914 ఆగస్టు 4 నుంచి 1921 ఆగస్టు 31 వరకు, 1939 సెప్టెంబరు 3 నుంచి 1947 డిసెంబరు 31 వరకు మరణించిన సైనికుల వివరాలు ఉంటాయి. మనవారికి ఇక్కడే చిక్కు వస్తుంది. ఆ జాబితాలో చాలాచోట్ల ఇంటిపేరు ఉండదు, వట్టి పేరు, తండ్రి పేరు మాత్రమే ఉంటాయి. కాకినాడ ‘కొకనాడ’గా, ఏలూరు ‘ఎల్లోర్’గా కనిపిస్తాయి. పశ్చిమ గోదావరి జిల్లా 1925లో ఏర్పడింది కనుక, మొదటి యుద్ధంలో పోయిన భీమవరం, తణుకు ప్రాంతాల సైనికులను కృష్ణా జిల్లా పేరుతో వెతకాలి. 1947 తరువాతి యుద్ధాలలో మరణించినవారి పేర్లు 2019 ఫిబ్రవరి 25న ఢిల్లీలో ప్రారంభమైన జాతీయ యుద్ధ స్మారకంలో ఉంటాయి; వారి విషయంలో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాన్ని కూడా అడగాలి.

బర్మాలో పోయి సమాధి దొరకనివారి పేరు తౌక్యాన్‌లోని రంగూన్ స్మారకం మీద ఉండే అవకాశం ఉన్నది. ఇరాక్‌లోని బస్రా స్మారకం మీద మాత్రం భారతీయ అధికారుల పేర్లు చెక్కి, సాధారణ సిపాయిలను పటాలాలవారీగా సంఖ్యలుగా చూపి వదిలేశారు. మెసపొటేమియాలో, అంటే నేటి ఇరాక్‌లో, మరణించిన సిపాయికి సొంత ఊరిలో ఇంటిపేరుతో సహా ఒక రాయి ఉండాలని నేను పట్టుబట్టడానికి ఇదే కారణం.

రాయి విషయంలో కుటుంబం సమ్మతిని, పంచాయతీ తీర్మానాన్ని ముందే తీసుకోవాలి. రోడ్ల మీద విగ్రహాలకు అనుమతి ఇవ్వరాదని 2013లో సుప్రీంకోర్టు ఆదేశించింది. కాలువ గట్టు జలవనరుల శాఖది. అందుచేత బడి ఆవరణో పంచాయతీ స్థలమో మేలు. సైనికుడు ఏ పేటవాడైనా రాయి ఊరందరూ నడిచే చోటనే ఉండాలి, ఆయన పేటకే పరిమితం చేయడం తగదు. నల్లరేగడి ఎండకు బీటలువారి వానకు ఉబ్బుతుంది కనుక పునాది కింద ఇసుక నింపాలి. లంక గ్రామాలలో దిమ్మెను 1986 వరద నీటి మట్టం కన్నా ఎత్తుగా కట్టాలి. అక్షరాలకు రంగు చాలదు, చెక్కించాలి.

స్మరణ దినంగా మరణించిన తేదీనే పెట్టుకోవడం మంచిది. అయితే కబురు ఆలస్యంగా అందిన ఇళ్లలో ఆ కబురు వచ్చిన తిథికే తద్దినం పెడుతూ ఉండవచ్చు. జాబితాలోని తేదీ చూపించి దానిని మార్చమని వారిని అడగకండి.

సేకరించిన కాగితాల నకళ్లు కుటుంబానికి ఒకటి, ఊరి గ్రంథాలయానికి ఒకటి ఇవ్వాలి. కమిషన్ జాబితాలో పేరు తప్పుగా ఉంటే రుజువులతో వారికి రాయాలి. ఆధారాలు సరిపోతే వారు సవరిస్తారు.