సోర్స్ నుంచి కంపైల్ చేసే ముందు: రివ్యూ వారం జాగ్రత్తలు

ఫైనలియర్ ప్రాజెక్టు రివ్యూలు దగ్గర పడుతుంటే హనుమకొండలోని నయీంనగర్, సుబేదారి హాస్టళ్ల నుంచి ఫోన్లు మొదలవుతాయి. "అన్నా, కంపైల్ అయితలేదు" అంటారు. అంటే ప్రోగ్రామ్ సోర్స్ కోడ్‌ను నడిచే రూపంలోకి మార్చడం మధ్యలో ఆగిపోతోందన్నమాట. ఏమొచ్చిందని అడిగితే స్క్రీన్ అడుగున ఉన్న రెండు మూడు లైన్లు ఫొటో తీసి పంపుతారు. అందులో 'మేక్... ఎర్రర్ 1', 'ఎర్రర్ 2' అని తప్ప ఏమీ ఉండదు. అది పని ఆగిపోయిందని చెప్పే లైను మాత్రమే. ఎందుకు ఆగిందో చెప్పే లైను చాలా పైన ఉంటుంది. కాబట్టి మేక్ (కంపైల్ పనులన్నీ వరుసగా చేయించే టూల్) నడిపేటప్పుడే అవుట్‌పుట్ అంతా 'టీ' కమాండ్‌తో ఒక ఫైల్‌లోకి పంపండి. తర్వాత అందులో 'ఎర్రర్' అనే మాట మొదటిసారి ఎక్కడ వచ్చిందో వెతకండి. మేక్‌కు ముందు, కావాల్సినవన్నీ మెషీన్‌లో ఉన్నాయో లేదో చూసే కాన్ఫిగర్ దశలోనే ఆగితే అదే ఫోల్డర్‌లో కాన్ఫిగ్ డాట్ లాగ్ అనే ఫైల్ ఉంటుంది. అందులో ఇంకా వివరంగా రాసి ఉంటుంది.

దానికంటే ముందు ఒక ప్రశ్న. అసలు కంపైల్ చేయాల్సిన అవసరం ఉందా? ఉబుంటు లినక్స్ రిపాజిటరీలో (దాని సాఫ్ట్‌వేర్ భండారంలో) సిద్ధంగా దొరికే ప్యాకేజీతో పని జరిగితే దాన్నే పెట్టుకోండి. కొత్త వెర్షన్ తప్పనిసరైనప్పుడు, ఓపెన్‌సీవీ అనే ఇమేజ్ లైబ్రరీకి ఎన్విడియా గ్రాఫిక్స్ కార్డు వాడుకునే 'క్యూడా' (CUDA) సపోర్ట్ కలుపుకోవడం లాంటి అవసరం ఉన్నప్పుడు మాత్రమే సోర్స్ జోలికి వెళ్లండి. గైడ్ సార్‌కు ఇన్‌స్టాల్ ఎలా చేశారన్నది పట్టదు, నడుస్తుందా లేదా అన్నదే కావాలి.

తప్పదనుకుంటే మొదటి పని బిల్డ్-ఎసెన్షియల్. కొత్తగా వేసిన ఉబుంటులో 'మేక్: కమాండ్ నాట్ ఫౌండ్' అన్నా, కాన్ఫిగర్ 'నో యాక్సెప్టబుల్ సీ కంపైలర్ ఫౌండ్' అన్నా కారణం ఒకటే. జీసీసీ, జీ ప్లస్ ప్లస్ కంపైలర్లు, మేక్, సీ లైబ్రరీ హెడర్లు (లైబ్రరీలో ఏమున్నాయో కంపైలర్‌కు చెప్పే ఫైళ్లు) ఈ ఒక్క ప్యాకేజీతో వస్తాయి. ఫెడోరా అనే ఇంకో లినక్స్‌లో అయితే సీ డెవలప్‌మెంట్ టూల్స్ అండ్ లైబ్రరీస్ అనే గ్రూపు. దీనితోపాటే లైబ్రరీలు ఎక్కడున్నాయో చెప్పే పీకేజీ-కాన్ఫిగ్, మేక్‌కు కావాల్సిన ఫైళ్లు తయారుచేసే సీమేక్ కూడా వేసేయండి. గిట్ నుంచి క్లోన్ చేసిన ఫోల్డర్‌లో కాన్ఫిగర్ ఫైలే కనిపించకపోతే కంగారు వద్దు. చాలా ప్రాజెక్టుల్లో దాన్ని ఆటోకాన్ఫ్, ఆటోమేక్, లిబ్‌టూల్ సాయంతో మనమే తయారు చేసుకోవాలి. విడుదల చేసిన టార్ ఫైల్‌లో (సోర్స్ అంతా మూటకట్టిన ఫైల్‌లో) అది సిద్ధంగా వస్తుంది కాబట్టి, వీలుంటే టార్ దించుకోవడమే సుఖం.

ఎక్కువ మంది చిక్కుకునేది మాత్రం ఇక్కడ కాదు, హెడర్ల దగ్గర. 'జెడ్‌లిబ్ డాట్ హెచ్: నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ' అని వస్తుంది. జెడ్‌లిబ్ (డేటాను కుదించే లైబ్రరీ) ఉందా అని చూస్తే ఉంటుంది. ఉన్నది ప్రోగ్రాములు నడవడానికి కావాల్సిన లైబ్రరీ. కంపైలర్ అడిగేది హెడర్ ఫైల్. డెబియన్, ఉబుంటుల్లో ఈ రెంటినీ వేర్వేరు ప్యాకేజీలుగా ఇస్తారు. హెడర్లున్న దాని పేరు చివర 'డెవ్' అని ఉంటుంది, ఫెడోరాలో 'డెవెల్' అని. ఏ హెడర్ ఏ ప్యాకేజీలో ఉందో తెలియనప్పుడు ఆప్ట్-ఫైల్ అనే టూల్‌తో ఆ ఫైల్ పేరు వెతికితే చెప్పేస్తుంది. నెట్‌లో దొరికిన ఇరవై ప్యాకేజీల కమాండ్‌ను కళ్లు మూసుకుని పేస్ట్ చేయడం కంటే ఇది నయం.

ఆగిపోయే బిల్డ్ (మొత్తం కంపైల్ పని) కంటే, ఆగకుండా పూర్తయ్యే బిల్డ్ ఇంకా ప్రమాదం. పైథాన్‌నే తీసుకోండి. ఎస్‌ఎస్‌ఎల్ హెడర్లు, ఎఫ్‌ఎఫ్‌ఐ హెడర్లు లేకపోయినా అది చక్కగా కంపైల్ అవుతుంది. కొన్ని ఐచ్ఛిక మాడ్యూళ్లకు కావాల్సినవి దొరకలేదని చివర్లో ఒక చిన్న జాబితా ఇస్తుంది, అంతే. ఎవరూ చదవరు. తెల్లారి పైథాన్ ప్యాకేజీలు దించే పిప్ నడిపితే ఎస్‌ఎస్‌ఎల్ మాడ్యూల్ లేదంటుంది, ఇంకో లైబ్రరీ సీటైప్స్ లేదంటుంది. అప్పుడు హెడర్లు వేసినా లాభం లేదు, కాన్ఫిగర్ నుంచి మళ్లీ మొదలుపెట్టాల్సిందే. డిపెండెన్సీలన్నీ (బిల్డ్‌కు కావాల్సిన ఇతర ప్యాకేజీలు) ముందే తెప్పించుకోవడానికి ఉబుంటులో ప్యాకేజీలు ఇన్‌స్టాల్ చేసే ఆప్ట్‌లో 'బిల్డ్-డెప్' ఉంది. అది పనిచేయాలంటే సోర్స్ రిపాజిటరీలు ఆన్‌లో ఉండాలి. ఉబుంటు 24.04లో అయితే ఉబుంటు డాట్ సోర్సెస్ ఫైల్‌లో 'డెబ్' పక్కన 'డెబ్-ఎస్‌ఆర్‌సీ' అని చేర్చాలి.

ల్యాబ్‌లో పాత డెస్క్‌టాప్ మీద పని చేసేవాళ్లు కంపైలర్ కంటే ముందు తేదీ చూసుకోండి. మదర్‌బోర్డు మీద బిళ్లలాంటి బ్యాటరీ అయిపోయి ఉంటే, కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ గడియారం ఎప్పటి సంవత్సరానికో పోతుంది. నెట్ ఉంటే సరిచేసుకుంటుంది, లేకపోతే అలాగే ఉండిపోతుంది. ఇక అక్కడి నుంచి విచిత్రాలు. ఆప్ట్ అప్‌డేట్ చేస్తే రిలీజ్ ఫైల్ ఇంకా చెల్లుబాటు కాలేదంటుంది. కాన్ఫిగర్ ఏమో ఇప్పుడే సృష్టించిన ఫైల్ పాతదిగా ఉంది, సిస్టమ్ క్లాక్ చూసుకోమంటుంది. మేక్ 'క్లాక్ స్క్యూ డిటెక్టెడ్' అని హెచ్చరించి ఊరుకుంటుంది. ఏ ఫైల్ మళ్లీ కంపైల్ చేయాలన్నది మేక్ తేల్చేదే టైమ్ చూసి. ఆ టైమ్ తప్పితే దాని లెక్కలన్నీ తప్పుతాయి. టూల్స్ ఏవో లేవనుకుని గంటలు గంటలు ఇన్‌స్టాల్ చేస్తూ కూర్చుంటారు, కావాల్సింది మాత్రం ఆ బిళ్ల బ్యాటరీ.

'ఆక్‌లోకల్-1.16 ఈజ్ మిస్సింగ్' (ఆక్‌లోకల్ ఆటోమేక్‌లో భాగం) అనేది కూడా చాలాసార్లు ఈ టైమ్ గొడవే. ఫోల్డర్ ఒక చోటి నుంచి ఇంకో చోటికి కాపీ అయ్యేటప్పుడు ఫైళ్ల తేదీలు మారిపోతే, కాన్ఫిగర్ ఫైల్ పాతబడిందని మేక్ అనుకుని ఆటోమేక్‌ను పిలుస్తుంది. టార్ ఫైల్‌ను పెన్‌డ్రైవ్ మీద విప్పకండి, లినక్స్ డిస్క్ మీదే విప్పండి. ఫ్యాట్ ఫార్మాట్ పెన్‌డ్రైవ్‌లో సిమ్‌లింకులు (వేరే ఫైల్‌ను చూపించే లింకులు) కూడా నిలవవు. ఫోల్డర్ పేర్లలో ఖాళీలు వద్దు, 'ఫైనల్ ప్రాజెక్ట్ న్యూ' లాంటి పేరు మేక్‌కు పడదు. విండోస్‌లోనే లినక్స్ నడిపే డబ్ల్యూఎస్‌ఎల్ వాడేవాళ్లు సీ డ్రైవ్ ఫోల్డర్‌లో కాకుండా లినక్స్ హోమ్‌లోనే కంపైల్ చేయండి, చాలా వేగంగా అవుతుంది.

ఏప్రిల్, మే సాయంత్రాల్లో గాలిదుమారం లేస్తే కరెంటు గ్యారంటీ లేదు. పెద్ద బిల్డ్ పొద్దున్నే పెట్టుకోండి. మధ్యలో కరెంటు పోతే మేక్ ఆగిన చోటి నుంచి అందుకుంటుంది, నిజమే. కానీ సగం రాసిన, లేదా సున్నా సైజులో మిగిలిన ఆబ్జెక్ట్ ఫైళ్లను (ఒక్కో సోర్స్ ఫైల్ కంపైలయ్యాక వచ్చేవి) కూడా పూర్తయినవిగానే లెక్కేస్తుంది. ఆనక వాటన్నిటినీ ఒక ప్రోగ్రామ్‌గా కలిపే లింకింగ్‌లో 'ఫైల్ ట్రంకేటెడ్' లాంటివి వస్తే మేక్ క్లీన్ చేసి మళ్లీ మొదలుపెట్టండి. హాట్‌స్పాట్ డేటా మీద నడిపేవాళ్లు 'డౌన్‌లోడ్-ఓన్లీ' ఆప్షన్‌తో ప్యాకేజీలన్నీ ముందురోజే దించి పెట్టుకోవచ్చు.

ఇంకొకటి, మేక్‌కు ఎన్ని జాబ్స్ (ఒకేసారి నడిచే పనులు) ఇవ్వాలన్నది. ప్రాసెసర్‌లో ఎన్ని కోర్లుంటే అన్ని ఇమ్మంటారు. 8 జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్‌లో పెద్ద సీ ప్లస్ ప్లస్ కోడ్‌కు అది నడవదు. ఒక్కో ఫైలే 1 జీబీ దాకా తినగలదు. 'కిల్డ్ సిగ్నల్ టర్మినేటెడ్ ప్రోగ్రామ్' అని సీసీ1ప్లస్ (సీ ప్లస్ ప్లస్ కంపైలర్) పేరు కనిపిస్తే కంపైలర్‌లో తప్పేమీ లేదు, మెమరీ చాలలేదు. బ్రౌజర్ మూసి, రెండు జాబ్స్‌తో నడపండి.

బిల్డ్ అయ్యాక సుడో మేక్ ఇన్‌స్టాల్ కొట్టే ముందు ఒక్క క్షణం ఆగండి. ల్యాబ్ మెషీన్లలో మీకు ఎలాగూ సుడో (అడ్మిన్ అనుమతి) ఇవ్వరు. కాన్ఫిగర్‌కు ప్రిఫిక్స్‌గా (ఇన్‌స్టాల్ అయ్యే చోటుగా) హోమ్ ఫోల్డర్‌లో ఒక చోటు ఇచ్చి, దాని బిన్ ఫోల్డర్‌ను పాత్‌లో (కమాండ్ల కోసం సిస్టమ్ వెతికే ఫోల్డర్ల జాబితాలో) చేర్చుకుంటే చాలు. వద్దనుకున్నప్పుడు ఆ ఫోల్డర్ తీసేస్తే సరి. పైథాన్‌కు అయితే ఇన్‌స్టాల్ బదులు 'ఆల్ట్‌ఇన్‌స్టాల్' వాడండి. సిస్టమ్ పైథాన్ పేరు మీదికి కొత్తది వచ్చి కూర్చుంటే, దాని మీద ఆధారపడ్డ ఉబుంటు టూల్స్ మొరాయిస్తాయి.