చొంతదూరో సూప్: తొక్క తీసే తిప్పలు లేకుండా

కొలంబియాలో మేముండే కాలీ నగరంలో బండి మీద ఉడికించిన చొంతదూరో పళ్లు ఉప్పు, తేనె వేసి అమ్ముతారు. తాటిజాతి చెట్టు కాయే, పైకి నారింజ రంగు, లోపల చిలగడదుంపలా పిండిపిండిగా ఉంటుంది. దాంతో సూప్ చేద్దామంటే విసుగంతా తొక్కతోనే. చల్లారాక గోళ్లు నొప్పి పుట్టేలా గీకాల్సి వస్తుంది, గుజ్జు సగం తొక్కకే పోతుంది.

ఉడికించని పళ్లు అరకిలో కడిగి, పళ్లు మునిగేలా నీళ్లు, చెంచా ఉప్పు వేసి కుక్కర్‌లో అరగంట సన్నని సెగ మీద ఉంచండి. ఆవిరి పోయాక పళ్లను వేడినీళ్లలోనే వదిలేసి, ఒక్కొక్కటే తీసి తొక్క లాగండి. వేడి మీద సులువుగా ఊడివస్తుంది. గింజ తీసేసి, వేయించిన ఉల్లి, వెల్లుల్లితో పాటు కూరగాయలు ఉడికించిన నీళ్లు నాలుగు కప్పులు పోసి మిక్సీ పట్టాలి. జల్లెడలో వడకట్టి, అరకప్పు పాలు కలిపి దించేయడమే. నేనైతే మిరియాలు కాస్త ఎక్కువే వేస్తాను.

ఒక్క జాగ్రత్త. పండు సరిగ్గా ఉడక్కపోతే పచ్చి కందలాగే గొంతు దురద పెడుతుంది. కత్తి మెత్తగా దిగకపోతే ఇంకో పది నిమిషాలు ఉడికించండి. ఓసారి నాకు మిక్సీ పట్టేశాక ఈ సంగతి గుర్తొచ్చి సూప్‌ని మళ్లీ మరిగించినా దురద పోలేదు, పారబోయాల్సి వచ్చింది.