నానో ఎలక్ట్రోస్ప్రే సూదిని నిలకడగా నడపడం

నెల్లూరు తీరపు రొయ్యల్లో క్లోరాంఫెనికాల్ అనే యాంటీబయాటిక్ అవశేషాలను వెతికే ప్రయోగశాలలు నానో ఎలక్ట్రోస్ప్రేకు, అంటే అధిక వోల్టేజితో సన్నని సూది నుంచి ద్రవాన్ని ఆవేశిత బిందువులుగా చిమ్మే పద్ధతిలో నిమిషానికి కొన్ని వందల నానోలీటర్ల ప్రవాహానికి, మారితే, బిందువులు చిన్నవై ద్రావణి త్వరగా ఆవిరవడం వల్ల అయాన్లలో మునుపటికన్నా ఎక్కువ భాగం, వాటిని ద్రవ్యరాశి-ఆవేశ నిష్పత్తిని బట్టి గుర్తించే మాస్ స్పెక్ట్రోమీటరులోకి చేరి సున్నితత్వం పెరుగుతుంది.

అయితే సన్నని సూది మొన రేణువులతో ఇట్టే మూసుకుపోతుంది కాబట్టి, కొవ్వు, ఉప్పు తొలగించిన నమూనాను 0.2 మైక్రాన్ల వడపోతతో వడకట్టి తీరాలి. ఈ పనిలో తొందర అసలు తగదు.

మొనను స్పెక్ట్రోమీటరు ప్రవేశరంధ్రానికి కొన్ని మిల్లీమీటర్ల దూరంలో నిలిపి, వోల్టేజిని సుమారు 1 కిలోవోల్టు నుంచి కొద్దికొద్దిగా పెంచుతూ, ద్రవం శంకువుగా నిలిచి సంకేతం ఊగిసలాడకుండా స్థిరపడిన చోట ఆపండి. క్లోరాంఫెనికాల్‌ను రుణ అయాన్లుగా కొలుస్తారు. ఆ విధానంలో వోల్టేజి మితిమీరితే కరోనా ఉత్సర్గం (మొన చుట్టూ గాలిలోకి విద్యుత్తు కారడం) సులభంగా మొదలై సంకేతం పడిపోతుంది.

గొట్టాల అతుకుల్లో ఖాళీ మిగిలితే సంకేతపు శిఖరాలు వెడల్పవుతాయి కనుక, వాటిని చివరగా మరొకసారి సరిచూడండి.