నోటి మూలలు చీలితే ముందు నాలుకను ఆపండి

బెంగళూరులో డిసెంబరు చలి మొదలైందని మా ఇంట్లో ముందుగా చెప్పేది అత్తయ్య నోరే. ఆవకాయ ముద్ద పెట్టుకోబోతే మూలల్లో చుర్రుమని కళ్లలో నీళ్లు. ఎండినట్టుంటే నాలుకతో తడుపుకుంటాం కదా, చిక్కంతా అక్కడే. మడతలో ఉమ్మి నిలిచి చర్మం నాని చీలుతుంది, ఆ చీలికలో ఫంగస్ గానీ బాక్టీరియా గానీ చేరుతుంది. అత్తయ్యకైతే కట్టుడు పళ్లు కూడా తోడు: వదులైపోయాయి, పైగా రాత్రిళ్లు తీసేవారు కాదు.

తడి మెత్తగా అద్ది, పలచగా పెట్రోలియం జెల్లీ రాయండి, పడుకునే ముందు తప్పకుండా. ఫంగస్ అయితే డాక్టర్లు సాధారణంగా క్లోట్రిమజోల్ లాంటి క్రీమ్ ఇస్తారు. బాక్టీరియా అయితే మందు వేరు. అందుకే ఇంట్లో దొరికిన ట్యూబల్లా పూయకండి. "బి కాంప్లెక్స్ వేసుకో" అని ప్రతివాళ్లూ అంటారు. బి2 లోపం ఉంటే సరే, కానీ ఐరన్ తగ్గినా, షుగర్ ఉన్నా ఇదే బాధ రావచ్చు. 2 వారాల్లో మానకపోతే, లేదా మాటిమాటికీ వస్తుంటే డాక్టరుకు చూపించి రక్తపరీక్ష చేయించుకోండి.

పళ్ల సెట్టు సరిచేయించాక అత్తయ్య ఆవకాయ జాడీ మళ్లీ దగ్గరికి జరుపుకున్నారు.